ఒకే షాపు, రెండు చేతులు: పాత లాటిన్ పుస్తకాల ఆన్‌లైన్ దుకాణం మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ షాపులో నేను మళ్లీ కొంటాను. కానీ సైట్లో పెట్టిన ప్రతిదీ కళ్లు మూసుకుని కొనను. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, వాటిని వాళ్లకే మెయిల్లో చెప్పాను, పేరు పెట్టి బజారుకెక్కించాల్సినంత ఘోరం వాళ్లేమీ చేయలేదు. చరిత్ర, ప్రాచీన లాటిన్ సాహిత్యం, ఈ రెండింట్లోనూ పాత ముద్రణలే అమ్ముతారు. ఎక్కువగా 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా వచ్చినవి: సీజర్, లివీ, టాసిటస్, వర్జిల్, హోరెస్, వాళ్ల తర్వాత గిబ్బన్ లాంటి చరిత్రకారులు.

ఇలాంటి పుస్తకాన్ని ఆన్‌లైన్లో కొంటున్నామంటే చేత్తో తిరగేసి చూసే అవకాశం ఉండదు. అమ్మేవాళ్లు రాసిన పది, పదిహేను వాక్యాలే మనకు దిక్కు. అందుకే ఈ రివ్యూలో సింహభాగం వాళ్లు రాసే వివరణల గురించే.

నా అనుమానం, ఈ షాపులో ఇద్దరు రాస్తున్నారు. ఒకరు పుస్తకం విప్పి, ఆకులు లెక్కపెట్టి, కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి రాస్తారు. రెండో మనిషి అట్ట చూస్తారు, టైటిల్ పేజీ చూస్తారు, మిగతాది ఎక్కడో ఉన్న వేరే లిస్టింగ్ నుంచి కాస్త అటూ ఇటూ మార్చి దించేస్తారు. సంతకాలుండవు కానీ రెండు వాక్యాలు చదివితే ఏది ఎవరిదో తెలిసిపోతుంది.

మొదటి చేతికి ఉదాహరణగా నేను కొన్న సీజర్ సంగతి చెప్తాను. లైడెన్‌లో ఎల్జెవిర్ అనే ముద్రాపకుల కుటుంబం 1635లో వేసిన చిన్న పుస్తకం, జేబులో పట్టేంత. ఎల్జెవిర్ వాళ్ల చిన్న లాటిన్ పుస్తకాలు అప్పట్లో యూరప్ అంతా అమ్ముడుపోయాయి కాబట్టి ఈ రోజుకీ చాలానే దొరుకుతాయి, దొరకడం సమస్య కాదు. సమస్య ఏమిటంటే అదే 1635 తేదీ వేసుకుని, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మలి ముద్రణలు కూడా ఉన్నాయి. ఏది ముందుదో తేల్చడానికి పాత కలెక్టర్లు పట్టుకున్న గుర్తు చాలా సింపుల్: మొదటి ముద్రణలో 149వ పేజీ మీద 153 అని, 335వ పేజీ మీద 345 అని, 475వ పేజీ మీద 375 అని తప్పు నంబర్లు పడ్డాయి. మళ్లీ వేసినప్పుడు దిద్దేశారు. అంటే తప్పులున్న ప్రతికే గిరాకీ. ఎల్జెవిర్ ముద్రణలన్నిటికీ 1880లో జాబితా వేసిన విలెమ్స్ కూడా ఈ గుర్తే చెప్తాడు. షాపు వాళ్ల వివరణలో ఈ మూడు నంబర్లూ ఉన్నాయి, విలెమ్స్ జాబితా నంబరుంది, చెక్కిన టైటిల్ పేజీ ఉందనీ, మడత మ్యాపులు ఉన్నాయనీ, వాటిలో ఒకదానికి మడత దగ్గర చిరుగు పడితే వెనక నుంచి కాగితం అతికించారనీ ఉంది. పార్సిల్ రాగానే నేను చేసిన మొదటి పని 149 తీయడం. 153 అని ఉంది. చిరుగు కూడా చెప్పిన చోటే ఉంది.

ఇంకో మాట, ఆ వివరణలో పుస్తకం ఎత్తు మిల్లీమీటర్లలో ఇచ్చారు. కొత్తవాళ్లకి ఇది చాదస్తంలా అనిపించొచ్చు. పాత పుస్తకానికి బైండింగ్ మార్చినప్పుడల్లా అంచులు కొంచెం కొంచెం కోసేస్తారు, ఎల్జెవిర్ లాంటి బుజ్జి పుస్తకంలో అలా రెండు మూడు సార్లు కోస్తే పేజీ పైన ఉండే శీర్షిక దాకా కత్తి వచ్చేస్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఎల్జెవిర్ పిచ్చి ఎంత ముదిరిందంటే స్కేలు పెట్టి కొలిచి, ఎత్తున్న ప్రతికి ఎక్కువ, పొట్టి ప్రతికి తక్కువ అని బేరాలు చేసేవాళ్లు. నాకంత పట్టింపు లేదు, కానీ కోత అక్షరాలకి తగిలిందా లేదా అనేది మాత్రం కావాలి. మొదటి చేయి అది ప్రతిసారీ రాస్తుంది. రెండో చేయి "మంచి కండిషన్" అని ఊరుకుంటుంది. మంచి అంటే ఎవరికి మంచి?

ఆకులు లెక్కపెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ షాపులో ఏ లిస్టింగ్‌ని నమ్మొచ్చో తేల్చే గీటురాయి నాకైతే అదే. చేతి అచ్చు కాలంలో పేజీ నంబర్లని నమ్మితే మునిగిపోతాం, పైన సీజర్ కథే సాక్ష్యం. పెద్ద కాగితం మీద అచ్చేసి, మడతపెట్టి, ఆ మడతల కట్టల్ని వరసగా కుట్టేవాళ్లు. బైండర్ వరస తప్పకుండా ఉండటానికి ఒక్కో కట్ట మొదటి ఆకుల అడుగున ఒక అక్షరం, అంకె వేసేవాళ్లు. దీనికి లాటిన్ అక్షరమాలలో 23 అక్షరాలే వాడతారు: ఐ, జె రెండూ ఒకటే, యు, వి ఒకటే, డబ్ల్యూ అసలుండదు. ఈ అక్షరాల వరసని, ఒక్కో కట్టలో ఎన్ని ఆకులున్నాయో దాన్ని ఒక సూత్రంలా రాస్తే అదే కొలేషన్. అది లైబ్రరీ కేటలాగులో ఉన్నదానితో సరిపోతే పుస్తకంలో ఆకులన్నీ ఉన్నట్టే, చివరి ఖాళీ ఆకుతో సహా. ఖాళీ ఆకు లేకపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లుంటారు. చదువుకోవడానికైతే ఏమీ కాదు, కలెక్టర్‌కి మాత్రం అది లేని పుస్తకం పూర్తి పుస్తకం కాదు.

మొదటి చేయి రాసిన ప్రతి లిస్టింగ్‌లోనూ కొలేషన్ ఉంటుంది. రెండో చేయి పేజీల సంఖ్య ఇచ్చి "పూర్తి ప్రతి" అంటుంది. నాకు దెబ్బ తగిలింది అక్కడే. అలెగ్జాండర్ చరిత్ర రాసిన కర్టియస్ రూఫస్ ఒకటి తెప్పించాను, "పూర్తి ప్రతి" అనే ఉంది. వచ్చాక చూస్తే మడత మ్యాపు లేదు, అది కుట్టిన చోట సన్నటి కాగితం ముక్క మాత్రం మొండిలా మిగిలి ఉంది. అది లోపలి మార్జిన్‌లో స్పష్టంగా కనిపిస్తోంది, పుస్తకం ఒక్కసారి తెరిచినవాళ్లెవరికైనా కనిపిస్తుంది. ఫొటో తీసి పంపాను. వాదన పెట్టుకోలేదు, వెనక్కి పంపమన్నారు, డబ్బు వాపసిచ్చారు, తిరిగి పంపిన ఖర్చు మాత్రం నా మీదే పడింది. తప్పు వాళ్ల వివరణలో ఉన్నప్పుడు ఆ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలని ఇప్పటికీ అంటాను.

సైజు విషయంలోనూ ఇదే తేడా. ఆక్టావో అంటే చిన్న పుస్తకం అని రెండో చేయి అభిప్రాయం. ఆక్టావో అంటే సైజు కాదు, కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టారనేది: ఒక మడత పెడితే రెండాకులు, అది ఫోలియో, రెండు పెడితే నాలుగాకులు, అది క్వార్టో, మూడు పెడితే ఎనిమిదాకులు, అది ఆక్టావో. పాత కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కాస్త ఎడం ఎడంగా గీతలు కనిపిస్తాయి, కాగితం తీసిన అచ్చులోని తీగల గుర్తులు అవి. ఫోలియోలో, ఆక్టావోలో అవి నిలువుగా ఉంటాయి, క్వార్టోలో అడ్డంగా ఉంటాయి, ఎల్జెవిర్ వాళ్లు వాడిన పన్నెండాకుల మడతలో కూడా మామూలుగా అడ్డంగానే. ఒక్క నిమిషం పని. (బాస్కర్‌విల్ 1757లో వేసిన వర్జిల్ ఈ పరీక్షకి అన్ని చోట్లా లొంగదు, అందులో కొంత భాగం గీతలు కనిపించని కొత్త రకం కాగితం మీద అచ్చయింది, అదే దాని ప్రత్యేకత.)

ఇక రెండో చేతి కళాఖండాలు. రోమన్ చక్రవర్తుల జీవితాలు రాసిన సుటోనియస్ లిస్టింగ్ ఒకటి చూశాను: తెల్లటి వెల్లం (దూడ చర్మం) బైండింగ్, రెండు అట్టల మీదా బంగారు ముద్ర, ముద్రలో కిరీటం, కింద డాలు, డాలు మీద నిలువు పట్టీలో ఒకదాని కింద ఒకటిగా మూడు ఇంటూ గుర్తులు. అట్టల అంచున రిబ్బన్లు కట్టిన రంధ్రాలు మిగిలాయి. దీనికి రాసిన వివరణ "రాజవంశపు గ్రంథాలయం నుంచి వచ్చిన అపురూపమైన ప్రతి". ఆ మూడు ఇంటూలు ఆమ్‌స్టర్‌డామ్ నగర చిహ్నం. కిరీటం ఎందుకుందంటే, 1489లో హాబ్స్‌బర్గ్ రాజు మాక్సిమిలియన్ ఆ ఊరికి తన కిరీటాన్ని చిహ్నం మీద పెట్టుకునే హక్కు ఇచ్చాడు. డచ్ ఊళ్లలో లాటిన్ బడి పిల్లలు బాగా చదివితే ఊరి పెద్దలు ఇలా ఊరి ముద్ర కొట్టిన వెల్లం బైండింగ్‌లో ఒక రోమన్ రచయితని బహుమతిగా ఇచ్చేవాళ్లు. లోపల పిల్లవాడి పేరు, హెడ్‌మాస్టర్ సంతకంతో ఒక ఆకు కూడా పెట్టేవాళ్లు, చాలా ప్రతుల్లో తర్వాతెవరో దాన్ని చింపేసి ఉంటారు. అంటే మన రాజవంశం క్లాసులో ఫస్టొచ్చిన ఓ కుర్రాడన్నమాట. నా మటుకు నాకు రాజుగారికంటే ఆ కుర్రాడే ముద్దు, రాజు ఆ పుస్తకం తెరిచి ఉండడు కూడా. కానీ రాజుగారి పేరు చెప్పి రేటు పెంచితే ఊరుకోలేం. మెయిల్ రాశాను. వివరణ మారింది, రేటు కూడా కొంచెం దిగింది.

లైడెన్, లియాన్ గొడవ మరీ పాతది, అయినా ఇక్కడా ఉంది. లాటిన్ టైటిల్ పేజీ మీద లుగ్దూనీ అని ఒక్కటే ఉంటే అది ఫ్రాన్స్‌లోని లియాన్. లుగ్దూనీ బటావోరుమ్ అని ఉంటే హాలండ్‌లోని లైడెన్. రెండో చేయి మొదటి మాట చూసి ఆగిపోతుంది, అందుకని వీళ్ల సైట్లో కొన్ని లైడెన్ పుస్తకాలు లియాన్ కింద దాక్కుని ఉన్నాయి. వెతికేవాళ్లకి ఇదొక రకంగా లాభమే అనుకోండి.

దీనికంటే సీరియస్ విషయం ఆల్డస్ పుస్తకం. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు 1501 ఏప్రిల్‌లో వర్జిల్‌ని చిన్న ఆక్టావోగా, వాలు అక్షరాలతో వేశాడు. ఆ అక్షరాలు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. పెద్ద పెద్ద ఫోలియోలు, వాటి చుట్టూ వ్యాఖ్యానాలు ఉండే రోజుల్లో, మూలం ఒక్కటే, చేతిలో పట్టుకుని తిరిగే సైజులో రావడం పెద్ద సంచలనం. వెంటనే లియాన్‌లో కొందరు ముద్రాపకులు అవే సైజు, అలాంటివే అక్షరాలు వేసి కాపీలు దింపేశారు, వాటి మీద ఊరు, పేరు, తేదీ ఏమీ ఉండవు. ఆల్డస్‌కి ఒళ్లు మండి 1503 మార్చి 16న ఒక హెచ్చరిక అచ్చేశాడు: ఆ దొంగ ముద్రణల్లో ఏ పుస్తకంలో ఏ తప్పులున్నాయో వరసగా చూపించి, వీటిని చూసి గుర్తుపట్టండి అని. లియాన్ వాళ్లు ఏం చేశారు? ఆ జాబితా దగ్గర పెట్టుకుని తప్పులు దిద్దుకున్నారు. ఉచితంగా ప్రూఫ్ రీడింగ్ చేసిపెట్టినట్టయింది పాపం.

ఇంతకీ ఈ షాపులో ఒక కవి పుస్తకం "ఆల్డస్, వెనిస్, సుమారు 1502" అని పెట్టి ఉంది. ఆ సుమారు దగ్గరే అనుమానం రావాలి, ఎందుకంటే ఆల్డస్ తన ఆక్టావోల చివర, ముద్రణ వివరాలు రాసే కొలఫన్‌లో తేదీ వేసుకునేవాడు. కొలఫన్ పేజీ ఫొటో పంపమని అడిగాను. ఈసారి జవాబు మొదటి చేతి నుంచి వచ్చింది, భాషలోనే తెలిసింది: కొలఫన్ లేదు, ఆకులు పోలేదు, కొలేషన్ సరిపోయింది, అచ్చక్షరాలు కూడా లియాన్ రకమే, లిస్టింగ్ మారుస్తున్నాం అని. మార్చారు కూడా. లియాన్ కాపీలని కూడా కలెక్ట్ చేసేవాళ్లున్నారు కాబట్టి అది అమ్ముడుపోయే ఉంటుంది, కానీ అదేమిటో తెలిసి కొనడం వేరు, ఆల్డస్ అనుకుని కొనడం వేరు.

మొదటి చేయి రాసే నోట్స్ కోసమైనా ఈ సైట్ చూడొచ్చు, కొనకపోయినా సరే. 1520ల నాటి ఒక లివీకి రాసిన నోట్ నాకు బాగా నచ్చింది. లివీ తన రోమ్ చరిత్రని 142 భాగాలుగా రాశాడు, వాటినే పుస్తకాలు అంటారు, మిగిలింది 35. అందులో 41 నుంచి 45 దాకా ఉన్న చేతిరాత ప్రతి 1527లో జర్మనీలోని లోర్ష్ మఠంలో సైమన్ గ్రినేయస్‌కి దొరికింది, 1531లో బాసెల్‌లో ఫ్రోబెన్ ప్రెస్ వాళ్లు పండితుడు ఎరాస్మస్ ముందుమాటతో అచ్చేశారు. కాబట్టి అంతకుముందు వచ్చిన లివీలో ఆ ఐదూ ఉండవు, ఇది ఆకులు పోవడం కాదు అని రెండు వాక్యాల్లో చెప్పేశారు. టాసిటస్‌కీ ఇంతే, ఆయన రాసిన రోమ్ చరిత్ర ఆనల్స్‌లో మొదటి ఆరు పుస్తకాలు 1515లో రోమ్‌లో మొదటిసారి అచ్చయ్యాయి, ఆ ముందరి ముద్రణల్లో అవి వెతకొద్దు. ఇంత ముఖ్యమైన సంగతి చాలా పెద్ద షాపుల లిస్టింగుల్లో కూడా కనిపించదు, బదులుగా తోలు రంగు గురించి ఒక పేరా ఉంటుంది.

చరిత్ర విభాగంలో రోమన్ సామ్రాజ్య పతనం మీద గిబ్బన్ రాసిన చరిత్ర సెట్ ఒకటి చాలా రోజులుగా ఉంది. ఆరు క్వార్టో సంపుటాలు: మొదటిది 1776, రెండు, మూడు 1781, చివరి మూడు 1788. "మొదటి ముద్రణల సెట్" అని అమ్మేవాటిలో మొదటి సంపుటి మాత్రం రెండోదో మూడోదో ముద్రణ అయి ఉండటం మామూలు. మొదటి సంపుటిని 500 ప్రతులు వేద్దామనుకుని, ముద్రాపకుడు స్ట్రాహన్ పట్టుబట్టి 1000 చేయించాడు, అయినా చకచకా అమ్ముడుపోయింది. ఐదేళ్ల తర్వాత రెండో సంపుటి కొనడం మొదలుపెట్టినవాళ్లకి మొదటి సంపుటి ఏది దొరికితే అదే. ఇక్కడ టైటిల్ పేజీ చూడకుండానే ఒక పరీక్ష ఉంది: మొదటి ముద్రణలో నోట్స్ అన్నీ పుస్తకం చివర ఉంటాయి. తిరగేయడం విసుగ్గా ఉంది, పేజీ అడుగునే వేయించమని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చెప్పాక, 1777 నాటి మూడో ముద్రణ నుంచి అవి కిందికి దిగాయి. ఈ షాపు సెట్‌లో మొదటి సంపుటి మూడో ముద్రణ, ఆ విషయం మొదటి లైన్లోనే రాశారు, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంది. ఇది నిజాయితీ అంటే. చదువుకునేవాళ్లకి ఆ మూడో ముద్రణే హాయి కూడా.

ఫొటోల విషయంలో ఇద్దరూ ఒకటే, ఇద్దరూ పిసినారులే. వెన్ను ఒకటి, టైటిల్ పేజీ ఒకటి, అంతే. అట్ట, వెన్ను కలిసే కీలు దగ్గర పగులు ఉందో లేదో ఏ ఫొటోలోనూ తెలీదు. పురుగు రంధ్రాలు మార్జిన్‌లో ఉన్నాయా అచ్చులోకి వచ్చాయా అనేది మాటల్లో ఉంటుంది తప్ప బొమ్మ ఉండదు. అడిగితే పంపుతారు, బాగానే పంపుతారు, మరి ముందే పెట్టడానికేం టెన్షనో.

ప్యాకింగ్‌కి మాత్రం వంక పెట్టలేను. వెల్లం అట్టలు గాలిలో తేమ మారితే వంకర తిరుగుతాయి, అందుకని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, మెత్తటి నాడాతో కట్టి, పైన కాగితం చుట్టి పంపారు. పుస్తకానికి టేపు ఎక్కడా తగల్లేదు. లోపల పెన్సిల్‌తో రాసిన స్టాక్ నంబరు తప్ప వాళ్ల స్టిక్కర్లు, ముద్రలు లేవు.

సైట్లో వెతుకులాట కష్టం. లాటిన్ పేరుతో కొడితే కొన్ని, ఇంగ్లీషు పేరుతో కొడితే ఇంకొన్ని వస్తాయి, రెండూ కొట్టాల్సిందే. ఏదైనా నచ్చితే వెంటనే కార్ట్‌లో వేయకుండా, 1700 లోపుదైతే యూఎస్‌టీసీలో, 15వ శతాబ్దపుదైతే ఐఎస్‌టీసీలో, 16వ శతాబ్దపు ఇటలీదైతే ఎడిట్16లో (ఇవన్నీ పాత ముద్రణల ఆన్‌లైన్ కేటలాగులు) చూసి, ఏదైనా లైబ్రరీ స్కాన్ పెట్టి ఉంటే దాంతో పోల్చుకోండి. లిస్టింగ్‌లో కొలేషన్ ఉంటే ఆ పని ఐదు నిమిషాలు, సరిపోతే ధైర్యంగా కొనేయండి. కొలేషన్ లేకపోతే మెయిల్ పెట్టి మూడు అడగండి: కొలేషన్, చివరి ఆకు ఫొటో, మ్యాపులు, బొమ్మలు ఎన్ని ఉండాలో ఎన్ని ఉన్నాయో. జవాబుకి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా ఎవరో కొనేసుకుంటారేమో అన్న కంగారు వద్దు, రెండో చేయి రాసిన పుస్తకాలు నెలల తరబడి అక్కడే ఉంటాయి.